సంస్థల్లో నమ్మకాల పరీక్ష

ఏ సంస్థ అయినా కొన్ని విషయాలను రుజువు అడగకుండానే నిజమని పెట్టుకొని పని మొదలుపెడుతుంది. ఈ చలికి రబ్బరు గట్టిపడదు, శత్రువు ఈ ఏడాది దాడి చేయడు, బ్యాంకు నుంచి వచ్చిన కాగితం అసలుదే, మస్టరులో పేరున్న కూలీ పనికి వచ్చినవాడే. ఇవన్నీ అలాంటి నమ్మకాలు. అన్నిటినీ రోజూ శంకిస్తూ కూర్చుంటే పని సాగదు కాబట్టి వీటి అవసరం ఉంది. చిక్కల్లా, అవి చెల్లని కాలం వచ్చిందని అందరికన్నా ఆలస్యంగా తెలిసేది లోపలివాళ్లకే. అందుకే తమ నమ్మకాలను తామే నిలదీసుకునే ఏర్పాట్లను మతపీఠాలు, సైన్యాలు, గూఢచారి విభాగాలు, అంతరిక్ష సంస్థలు, కంపెనీలు, ప్రభుత్వాలు వేర్వేరు కాలాల్లో చేసుకున్నాయి. వీటి చరిత్ర చూస్తే ఒకటి పదేపదే ఎదురవుతుంది. సందేహించేవాడు లేక దెబ్బతిన్న సంస్థలు తక్కువ. సందేహం బయటికి వచ్చినా, పని ఆపే అధికారం దానికి లేక దెబ్బతిన్నవే ఎక్కువ.

సందేహానికి ఒక పదవి

శాస్త్రగ్రంథం రాసేవాడు ఎదుటివాడి వాదాన్ని ముందు పూర్వపక్షంగా నిలబెట్టి, ఆ తర్వాతే తన సిద్ధాంతం చెప్పడం భారతదేశంలో పాత పద్ధతి. అది రచయిత పాటించే మర్యాద. పూర్వపక్షాన్నే ఒక ఉద్యోగంగా మార్చిన సంస్థ అనగానే రోమన్ కాథలిక్ చర్చి గుర్తుకొస్తుంది. ఒకరిని పునీతులుగా ప్రకటించే ముందు, ఆ ప్రతిపాదనకు వ్యతిరేకంగా దొరికిన ప్రతి ఆధారాన్నీ వినిపించే అధికారిని ఐదవ సిక్‌స్టస్ పోపు కాలంలో, 1587లో, లాంఛనంగా నియమించారు. మహిమలని చెప్పుకున్నవాటికి మామూలు కారణాలు వెదకడం, వ్యక్తి ప్రవర్తనలో లోపాలు ఎత్తిచూపడం ఆయన విధి. జనం ఆయనను సైతాను వకీలు అని పిలిచారు. 1983లో రెండవ జాన్ పాల్ ఈ విధానాన్ని సంస్కరించి ఆ అధికారి పాత్రను బాగా తగ్గించాడు. అంతకుముందు 20వ శతాబ్దపు పోపులందరూ కలిసి ప్రకటించిన పునీతులు సుమారు వందమంది. ఆయన ఒక్కడే 482 మందిని ప్రకటించాడు. ఇదంతా వకీలు పక్కకు తప్పుకున్నందువల్లే అనలేం, ఎక్కువ దేశాల నుంచి పునీతులు రావాలన్నది ఆ పోపు కోరిక కూడా. అయినా అడ్డు చెప్పేవాడి బలం తగ్గాక దారి సాఫీ అయిన మాట నిజం.

యుద్ధక్రీడలు

1824లో ప్రష్యా సైన్యంలోని లెఫ్టినెంటు గేయోర్గ్ ఫాన్ రైస్విట్జ్ తన తండ్రి కనిపెట్టిన బల్ల మీది ఆటను సరిదిద్ది జనరల్ స్టాఫ్ అధిపతి ముఫ్లింగ్‌కు చూపించాడు. మ్యాపు మీద రెండు పక్షాలూ తమ దళాలను కదుపుతాయి. మధ్యవర్తి పాచికలు వేసి ఎవరికెంత నష్టమో తేలుస్తాడు. శత్రువు స్థానంలో నిజంగా ఆలోచించే మనిషిని కూర్చోబెట్టడం ఇందులో కొత్త. అక్కడి నుంచి ఈ పద్ధతి ప్రపంచ సైన్యాలన్నిటికీ పాకింది.

ఆట ఫలితాన్ని పెద్దలు ఒప్పుకోకపోతే ఏమవుతుందో చెప్పడానికి ఎక్కువమంది ఎత్తే ఉదాహరణ జపాను నౌకాదళానిది. 1942 మే మొదట్లో యమాటో యుద్ధనౌక మీద మిడ్‌వే దాడికి రిహార్సల్ జరిగింది. ఆటలో అమెరికా బాంబర్లు జపాను విమానవాహక నౌకలపై తొమ్మిది బాంబులు వేయగలిగాయని, అకాగి, కాగా మునిగిపోయాయని మధ్యవర్తి లెక్క కట్టాడు. ఆటను నడిపిస్తున్న రియర్ అడ్మిరల్ ఉగాకి తొమ్మిదిని మూడు చేశాడు. అకాగికి స్వల్ప నష్టం, కాగా మాత్రం మునిగినట్టు రాయించాడు. ఆ మునిగిన కాగా కూడా ఆట తర్వాతి ఘట్టంలో మళ్లీ తేలింది. నెల తిరిగాక అసలు యుద్ధంలో అకాగి, కాగా, సోర్యు, హిర్యు నాలుగూ పోయాయి. ఇక్కడ కొంచెం జాగ్రత్త అవసరం. ఆటలో దాడి చేసినవి మిడ్‌వే దీవి మీది విమానాలు. అసలు యుద్ధంలో ఆ నౌకలను ముంచినవి అమెరికా వాహక నౌకల నుంచి లేచిన డైవ్ బాంబర్లు. ఆట భవిష్యత్తును ఉన్నదున్నట్టు చెప్పేసిందనడం అతిశయోక్తి. తమ నౌకలకూ దెబ్బ తగలవచ్చన్న మాట దగ్గరే పాచిక ఆగిపోయింది, అసలు పాఠం అక్కడుంది.

అరవై ఏళ్ల తర్వాత అమెరికా అదే పని ఇంకా ఖరీదుగా చేసింది. 2002 వేసవిలో 25 కోట్ల డాలర్లతో జరిగిన మిలీనియం ఛాలెంజ్ విన్యాసంలో శత్రుపక్షాన్ని నడిపింది మెరైన్ దళంలో రిటైరైన జనరల్ పాల్ వాన్ రైపర్. రేడియో వాడితే అమెరికా వినేస్తుందని ఆయన కబుర్లు మోటార్‌సైకిళ్ల మీద పంపాడు. క్షిపణులను, చిన్న పడవలను ఒక్కసారిగా వదిలి లెక్క ప్రకారం 16 నౌకలను ముంచాడు. నిర్వాహకులు ఆ నౌకలను మళ్లీ తేల్చి, శత్రువు ఏం చేయవచ్చో ఏం చేయకూడదో నిబంధనలు పెట్టి ఆట కొనసాగించారు. వాన్ రైపర్ నాయకత్వం వదిలేశాడు. నిర్వాహకుల వాదనలోనూ కొంత న్యాయం ఉంది. వేలమందిని సమీకరించి చేసే విన్యాసాన్ని తొలి దశలోనే ముగిస్తే మిగతా పరీక్షలు జరగవు. కానీ నిబంధనలతో కట్టేసిన శత్రువును ఓడించి కొత్త యుద్ధతంత్రం నెగ్గిందని చెప్పుకుంటే దాన్ని పరీక్ష అనలేం.

గూఢచారి విభాగాలు

1973 అక్టోబరు 6న ఈజిప్టు, సిరియా కలిసి దాడి చేసేవరకు ఇజ్రాయెల్ సైనిక గూఢచారి విభాగం ఒక లెక్క మీద నమ్మకం పెట్టుకుంది. ఇజ్రాయెల్ లోపలిదాకా కొట్టగల విమానాలో క్షిపణులో చేతికి వచ్చేదాకా ఈజిప్టు యుద్ధానికి దిగదు, ఈజిప్టు లేకుండా సిరియా దిగదు. సరిహద్దులో సైన్యం పోగవుతున్నా, సోవియట్ సలహాదారుల కుటుంబాలు హడావిడిగా విమానాలెక్కి వెళ్లిపోతున్నా, ఆ సమాచారాన్ని ఈ లెక్కలోనే ఇరికించి అర్థం చెప్పుకున్నారు. తర్వాత అగ్రనాట్ కమిషన్ విచారణ జరిపి, విభాగాధిపతి ఎలీ జెయిరాను తప్పించాలంది. ఆ అనుభవం నుంచే విభాగం లోపల ఒక సమీక్షా బృందం పుట్టింది. ప్రధాన అంచనాకు ఎదురువాదం రాయడం, దాన్ని పైవాళ్లకు నేరుగా పంపడం దాని హక్కు. ఆ బృందం ఉండగానే 2023 అక్టోబరు 7న ఇజ్రాయెల్ మరోసారి ఏమరుపాటున దొరికిపోయింది.

అమెరికాలో 1976లో సీఐఏ డైరెక్టరుగా ఉన్న జార్జి హెచ్. డబ్ల్యూ. బుష్, సోవియట్ బలంపై సంస్థ అంచనాలను సవాలు చేయడానికి బయటి నిపుణులతో టీమ్-బి అనే బృందాన్ని అనుమతించాడు. దాని నాయకుడు హార్వర్డ్ చరిత్రకారుడు రిచర్డ్ పైప్స్. సభ్యులు దాదాపు అందరూ సోవియట్ ముప్పును తక్కువ చేసి చూపిస్తున్నారని ముందునుంచీ వాదిస్తున్నవాళ్లే. ఊహించినట్టే ముప్పు చాలా పెద్దదని వాళ్లు తేల్చారు. ఆ అంచనాల్లో చాలా భాగం అతిగా లెక్కకట్టినవని తర్వాత బయటపడింది. ఎదురువాదులను ఎంచుకునేటప్పుడే తీర్పు రాసేయడం కూడా సాధ్యమేనని ఈ ప్రయోగం చూపింది. 2001 సెప్టెంబరు దాడుల మర్నాడే సీఐఏ రెడ్ సెల్ అనే మరో బృందాన్ని పెట్టింది. అంచనాల్లో కలవని, కొన్నిసార్లు వింతగా తోచే వాదాలు రాయడం దాని పని.

సలహాదారులు ఒకరినొకరు నొప్పించుకోకుండా ఏకాభిప్రాయంలోకి జారే తీరును మనస్తత్వవేత్త ఇర్వింగ్ జానిస్ 1972లో పుస్తకంగా రాశాడు. ఆయన ఎత్తిన ముఖ్య ఉదాహరణ 1961 ఏప్రిల్‌లో సుమారు 1,400 మంది ప్రవాసులతో క్యూబాపై చేయించి భంగపడిన బే ఆఫ్ పిగ్స్ దండయాత్ర. మరుసటి ఏడాది క్షిపణి సంక్షోభంలో అదే అధ్యక్షుడు కెనెడీ, దాదాపు అదే సలహాదారులతో పని తీరు మార్చాడు. కొన్ని సమావేశాలకు తానే రాకుండా ఉన్నాడు. సలహాదారులు బృందాలుగా విడిపోయి ఒకరి ప్రతిపాదనను మరొకరు చీల్చి చూశారు.

రాకెట్ల దగ్గర

ఈ విషయంలో అంతరిక్ష సంస్థల నుంచి దొరికినంత వివరమైన చరిత్ర మరెక్కడా దొరకదు. అక్కడ ప్రతి ప్రమాదం తర్వాతా విచారణ జరుగుతుంది, కాగితాలన్నీ బయటికొస్తాయి.

1986 జనవరి 27 రాత్రి ఛాలెంజర్ వ్యోమనౌక ప్రయోగం గురించి ఫోన్‌లో సుదీర్ఘ సమావేశం జరిగింది. బూస్టర్లు తయారుచేసే మార్టన్ థయోకాల్ కంపెనీ ఇంజనీర్లు, 12 డిగ్రీల సెల్సియస్ కన్నా చల్లగా ఉంటే ప్రయోగించవద్దన్నారు. ఆ చలిలో కీళ్ల దగ్గరి రబ్బరు వలయాలు సరిగా మూసుకోవని వాళ్ల భయం. మర్నాటి తెల్లవారుజామున ఉష్ణోగ్రత గడ్డకట్టే స్థాయి కన్నా దిగువకు పోతుందని అంచనా. నాసా అధికారులు అభ్యంతరం చెప్పడంతో కంపెనీ యాజమాన్యం విడిగా మాట్లాడుకొని సలహా మార్చేసింది. మర్నాడు 73 సెకన్లలో నౌక విచ్ఛిన్నమై ఏడుగురు చనిపోయారు.

ఆ రాత్రి రెండు తప్పులు జరిగాయి. మొదటిది అందరికీ తెలిసినదే. రుజువు చూపించాల్సిన భారం తిరగబడింది. ప్రయోగం సురక్షితమని నిరూపించమని అడగాల్సింది పోయి, ప్రమాదకరమని నిరూపించమని ఇంజనీర్లను అడిగారు. రెండోదాని గురించి తక్కువ మాట్లాడతారు. ఇంజనీర్లు చూపించిన పట్టికల్లో వలయాలు దెబ్బతిన్న ప్రయోగాలే ఉన్నాయి, దెబ్బతినని ప్రయోగాలు లేవు. అందువల్ల చలికీ నష్టానికీ సంబంధం అస్పష్టంగా కనిపించింది. ప్రమాదంపై విచారణ జరిపి, అన్నీ కలిపి చూసిన రోజర్స్ కమిషన్ తేల్చింది వేరు. 66 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే 19 డిగ్రీల సెల్సియస్, లేదా అంతకన్నా వెచ్చగా ఉన్నప్పుడు జరిగిన 20 ప్రయోగాల్లో మూడింటిలోనే వలయాలకు నష్టం. అంతకన్నా చల్లగా ఉన్న నాలుగింటిలోనూ నష్టమే. సందేహించినవాళ్లు సరైనవాళ్లే, చేతిలోని సాక్ష్యాన్ని మాత్రం సగమే పరిచారు.

సామాజిక శాస్త్రవేత్త డయాన్ వాన్ 1996లో ఈ ఉదంతంపై పెద్ద అధ్యయనం ప్రచురించింది. వలయాలు కాలిన గుర్తులు మొదట కనిపించినప్పుడు అందరూ ఉలిక్కిపడ్డారు. నౌక క్షేమంగా తిరిగి వచ్చేకొద్దీ ఆ లోపం మామూలు విషయంగా మారిపోయింది. ఎవరో నియమాన్ని ఉల్లంఘించి ఈ స్థితికి రాలేదు. నియమబద్ధంగానే, ఒక్కో సమీక్షలో కొంచెం కొంచెంగా సర్దుకుంటూ వచ్చారు. 2003 ఫిబ్రవరి 1న కల్పనా చావ్లాతో సహా ఏడుగురిని బలిగొన్న కొలంబియా ప్రమాదంలో ఇదే కథ నురుగు ముక్క రూపంలో పునరావృతమైంది. ట్యాంకు నుంచి ఊడిన నురుగు గతంలోనూ తగిలింది, ఏమీ కాలేదు. రెక్కకు తగిలిన దెబ్బను ఉపగ్రహాలతో ఫొటో తీయించమని ఇంజనీర్లు అడిగినా పైవాళ్లు ముందుకు తీసుకుపోలేదు. ఆ ఏడాదే నాసా, ప్రాజెక్టుల కింద లేని నిపుణులతో ఒక స్వతంత్ర ఇంజనీరింగ్, భద్రతా కేంద్రాన్ని నెలకొల్పింది.

శ్రీహరికోట నుంచి జరిగిన తొలి ఎస్‌ఎల్‌వీ-3 ప్రయోగం, 1979 ఆగస్టు 10న, ఈ కోవలోదే. ప్రాజెక్టు డైరెక్టరు అబ్దుల్ కలాం తర్వాత పలు సభల్లో చెప్పిన ప్రకారం, చివరి నిమిషాల్లో కంప్యూటరు ప్రయోగాన్ని ఆపమంది. నియంత్రణ వ్యవస్థలో లీకు కనిపించింది. నిల్వ సరిపోతుందని నిపుణులు చెప్పడంతో ఆయన ముందుకు వెళ్లాడు. రెండో దశలో అదుపు తప్పి రాకెట్ బంగాళాఖాతంలో పడింది. ఇస్రో ఛైర్మన్ సతీశ్ ధావన్ విలేకరుల ముందు బాధ్యత తన మీద వేసుకున్నాడు. 1980 జులై 18న రెండో ప్రయోగం నెగ్గినప్పుడు విలేకరుల ముందుకు కలాంను పంపాడు. దీన్ని మంచితనంగా చెప్పుకుంటారు. అందులో పని నడిపే తెలివి కూడా ఉంది. తప్పు ఒప్పుకుంటే తల పోతుందన్న భయం ఉన్నచోట వైఫల్య విశ్లేషణ కమిటీకి ఎవరూ నిజం చెప్పరు.

ఇస్రోలో ఇప్పుడు ప్రయోగానికి ముందు సంసిద్ధతా సమీక్ష జరుగుతుంది, తర్వాత అనుమతి మండలి కూర్చుంటుంది. 2019 జులై 15 తెల్లవారుజామున చంద్రయాన్-2 కౌంట్‌డౌన్‌ను రాష్ట్రపతి సమక్షంలోనే, ఇంకా 56 నిమిషాలు ఉందనగా ఆపేశారు. వారం తర్వాత, 22న, ప్రయోగించారు. అదే యాత్రలో సెప్టెంబరులో విక్రమ్ ల్యాండర్ కూలింది. ఇంజన్ల తోపు అనుకున్నదానికన్నా ఎక్కువగా ఉండడం, దిగాల్సిన చోటు 500 మీటర్ల చదరానికే పరిమితం కావడం కారణాల్లో ఉన్నాయని సోమనాథ్ ఇస్రో ఛైర్మన్‌గా ఉన్నప్పుడు వివరించాడు. చంద్రయాన్-3 రూపకల్పనలో ఏది సరిగా పనిచేస్తుందన్న దానికన్నా ఏది చెడిపోవచ్చో ముందు రాసుకున్నారు. దిగే ప్రాంతాన్ని 4 కిలోమీటర్ల పొడవు, 2.4 కిలోమీటర్ల వెడల్పుకు పెంచారు. అయిదు ఇంజన్లు నాలుగయ్యాయి. కాళ్లు గట్టిపడ్డాయి, ఇంధనం పెరిగింది. 2023 ఆగస్టు 23న అది దిగింది.

ఖాతాలు, ఆడిట్లు

వ్యాపారంలో నమ్మకాలను పరీక్షించే పాత ఏర్పాటు ఆడిట్. అది తూతూమంత్రంగా మారితే ఏమవుతుందో హైదరాబాదులో సత్యం కంప్యూటర్స్ చూపించింది. 2009 జనవరి 7న ఛైర్మన్ రామలింగరాజు తానే రాసిన లేఖలో, ఖాతాల్లో చూపిన నగదులో 5,040 కోట్ల రూపాయలు అసలు లేవని ఒప్పుకున్నాడు. ఆ సంస్థకు పేరున్న ఆచార్యులు, మాజీ ఉన్నతాధికారులతో కూడిన బోర్డు ఉంది, అంతర్జాతీయ ఆడిటరు ఉన్నారు, అంతకు కొన్ని నెలల ముందే సుపరిపాలనకు అవార్డు కూడా వచ్చింది. బ్యాంకులో డబ్బుందో లేదో తెలుసుకోవడానికి ఆడిటరు బ్యాంకుకు నేరుగా రాసి నేరుగా జవాబు తెప్పించుకోవాలి. 2011లో అమెరికా నియంత్రణ సంస్థ తేల్చిందేమిటంటే, ఆ ఉత్తరాలు పంపడం, జవాబులు అందుకోవడం ఆడిటర్లు పూర్తిగా కంపెనీ చేతికే వదిలేశారు. అంటే ఎవరిని పరీక్షించాలో వాళ్లే జవాబుపత్రం తెచ్చిచ్చారు.

లేఖకు మూడు వారాల ముందు, 2008 డిసెంబరు 16న, రాజు కుటుంబానికి చెందిన మైటాస్ కంపెనీలను 160 కోట్ల డాలర్లతో కొనడానికి బోర్డు ఆమోదం తెలిపింది. ఆ కొనుగోలును గంటల్లోనే ఆపించింది ఆగ్రహించిన మదుపరులు. లోపలి ప్రశ్నలు చేయని పనిని బయటి మార్కెట్ చేసింది.

బ్యాంకులకు ఇలాంటి పరీక్ష 2009లో కొత్త రూపం తీసుకుంది. అమెరికా నియంత్రకులు 19 పెద్ద బ్యాంకులను తీసుకొని, ఆర్థిక పరిస్థితి మరింత దిగజారితే మీ మూలధనం ఎంత మిగులుతుందో చెప్పమన్నారు. పదింటికి కలిపి సుమారు 7,500 కోట్ల డాలర్ల లోటు తేలింది. దేశమంతటా ఇళ్ల ధరలు ఒకేసారి పడవన్న నమ్మకం అప్పటికే బద్దలైంది కాబట్టి ఈసారి పడిపోతే ఏమిటన్న ప్రశ్నను ఎవరూ కొట్టిపారేయలేదు.

చమురు కంపెనీ షెల్ అలాంటి ప్రశ్న ముందే వేసుకుంది. పియర్ వాక్ బృందం 1970ల మొదట్లో, చవక చమురు శాశ్వతమన్న నమ్మకానికి ఎదురుగా వేరే భవిష్యత్తుల చిత్రాలు గీసి మేనేజర్ల ముందు పెట్టింది. 1973 చమురు సంక్షోభం వచ్చేనాటికి వాళ్లకు ఆ పరిస్థితి పూర్తిగా కొత్త కాదు.

సాఫ్ట్‌వేర్

వెబ్‌సైటులో ఒక మార్పును కొందరికి చూపి, మిగతావారికి పాతదే ఉంచి, తేడా కొలవడం చవకైన పని. అందుకే నమ్మకాల పరీక్ష ఇక్కడ రోజువారీ తంతు అయింది. 2012లో మైక్రోసాఫ్ట్ వారి బింగ్‌లో ప్రకటనల శీర్షికలు చూపే తీరును మార్చాలని ఒక ఉద్యోగి సూచించాడు. అది గొప్ప ఆలోచనగా ఎవరికీ తోచక నెలల తరబడి పక్కన పడి ఉంది. చివరికి ఒక ఇంజనీరు పరీక్షించి చూస్తే ఆదాయం 12 శాతం పెరిగింది, అమెరికాలోనే ఏడాదికి 10 కోట్ల డాలర్లకు పైగా. అక్కడ ఈ ప్రయోగాలు నడిపిన రాన్ కొహావి చెప్పిన మరో లెక్క మేనేజర్లకు అంత రుచించదు. మైక్రోసాఫ్ట్‌లో పరీక్షించిన ఆలోచనల్లో సుమారు మూడో వంతే ఉద్దేశించిన ఫలితాన్ని ఇచ్చాయి.

నెట్‌ఫ్లిక్స్ ఇంకో దారి పట్టింది. సర్వర్లలో ఏది పడిపోయినా సేవ ఆగదన్న నమ్మకాన్ని పరీక్షించడానికి, నడుస్తున్న సర్వర్లను ఇష్టమొచ్చినట్టు ఆపేసే కేయాస్ మంకీ అనే ప్రోగ్రాం రాసుకుంది. దాన్ని ఇంజనీర్లు సీట్లో ఉండే పనివేళల్లోనే నడిపిస్తారు.

పరిశోధకులు ఏమంటారు

నియమించిన ఎదురువాది ఎంతవరకు ఉపయోగం? షార్లన్ నెమెత్ బృందం 2001లో ప్రచురించిన ప్రయోగాల ప్రకారం, ఎదురువాదం నటించేవాడికన్నా నిజంగానే వేరే అభిప్రాయమున్నవాడు ఉన్నప్పుడు బృందం మెరుగ్గా ఆలోచిస్తుంది. నటనని తెలిస్తే మిగతావాళ్లు విని, తమ పాత మాటనే మరింత గట్టిగా పట్టుకుంటారు. గ్యారీ క్లైన్ సూచించిన ఉపాయం దీనికి కొంత విరుగుడు. పని మొదలుకాకముందే, అది ఘోరంగా విఫలమైందని అనుకొని కారణాలు రాయమని అందరినీ అడుగుతారు. అప్పుడు తప్పు వెదకడం ఒకడి మీద పడ్డ అపవాదు కాకుండా అందరి హోంవర్కు అవుతుంది.

ఆమీ ఎడ్మండ్సన్ 1990లలో ఆసుపత్రుల్లో మందుల పొరపాట్లను లెక్కపెడుతూ ఒక వింత గమనించింది. బాగా కలిసి పనిచేసే వార్డుల్లోనే పొరపాట్లు ఎక్కువగా నమోదయ్యాయి. అక్కడ చెప్పుకోవడానికి భయం లేకపోవడమే దానికి కారణమని ఆమె తేల్చింది. ఇది తనిఖీలు నడిపేవాళ్లకు తలనొప్పి వ్యవహారం. నివేదికలో తప్పులు తగ్గితే సంతోషించాలో అనుమానించాలో అంకె ఒక్కటే చెప్పదు.

సామాజిక తనిఖీ

ప్రభుత్వం తన కాగితాలను తానే శంకించిన అరుదైన ప్రయోగం ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో జరిగింది. 2005 ఉపాధి హామీ చట్టంలోని 17వ సెక్షన్ గ్రామసభ చేత తనిఖీ చేయించాలంది. చాలా రాష్ట్రాల్లో అది సర్పంచి సంతకంతో ముగిసింది. ఇక్కడ 2006 నుంచి, రాజస్థాన్ మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అనుభవం తోడుగా, పద్ధతి వేరుగా మొదలైంది. 2009లో దీనికోసం ప్రత్యేక సొసైటీ ఏర్పడింది.

మండల కార్యాలయం నుంచి మస్టర్లు, కొలతల పుస్తకాలు, చెల్లింపుల వివరాలు తీసుకుంటారు. కూలీ కుటుంబాల నుంచే వచ్చిన చదువుకున్న యువకులకు శిక్షణ ఇచ్చి ఊళ్లలోకి పంపుతారు. వాళ్లు ఇంటింటికీ వెళ్లి, నీ పేరున ఇన్ని రోజులు పని చూపారు, ఇంత కూలి ఇచ్చినట్టుంది, ముట్టిందా అని అడుగుతారు. తవ్విన కుంటను టేపుతో కొలుస్తారు. చనిపోయినవాళ్ల పేర్ల మీద హాజరు, చేయని పనికి కొలత, కూలిలో ఫీల్డ్ అసిస్టెంటు కోత ఇలాగే బయటపడ్డాయి. చివర మండల స్థాయి ప్రజావేదికలో, అధికారుల ఎదుటే, ఒక్కో ఊరి లెక్క చదువుతారు. ఆరోపణ ఎదుర్కొంటున్న మనిషి అక్కడే కూర్చుని ఉంటాడు.

తప్పు పట్టుకోవడంలో ఈ పద్ధతి గట్టిదని పరిశోధకులు ఒప్పుకున్నారు. తర్వాతి అడుగు దగ్గర బలహీనపడింది. 2006–10 మధ్య నివేదికలను పరిశీలించిన ఫర్జానా అఫ్రిది, వేగార్డ్ ఐవర్సన్, తేలికగా దొరికే కూలి చెల్లింపుల అవకతవకలు కొంత తగ్గినా, పట్టుకోవడం కష్టమైన సామగ్రి బిల్లుల్లో అవి పెరిగాయని చూపారు. తేలిన సొమ్ములో ఎక్కువ భాగం రికవరీ కాలేదు. ఉద్యోగం పోయినవాళ్లు, కేసు ఎదుర్కొన్నవాళ్లు బహు కొద్దిమంది. తనిఖీ సొసైటీ తప్పును రాయగలదు. శిక్షించే కలం పథకాన్ని నడిపే శాఖ చేతిలోనే ఉండిపోయింది.

కేంద్రం 2011లో కాగ్ సలహాతో రూపొందించిన తనిఖీ నియమాలు ఇందులో సగాన్ని సరిదిద్దాయి. పథకం అమలుచేసే యంత్రాంగానికి తనిఖీలో పాత్ర ఉండకూడదన్నాయి, ప్రతి రాష్ట్రంలో విడిగా తనిఖీ విభాగం ఉండాలన్నాయి. ఖర్చుకు ఆ శాఖ ముందు చేయి చాచకుండా పథకం వ్యయంలో అర శాతం దాకా కేంద్రమే ఇచ్చే ఏర్పాటు జరిగింది. రికవరీ, క్రమశిక్షణ చర్యలు మాత్రం రాష్ట్ర ప్రభుత్వం, దాని కింద పథకం నడిపే అధికారుల బాధ్యతగానే మిగిలాయి.